షార్త్రలో పడమర పడమర కాదు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఇవాళ రాద్దాం రేపు రాద్దాం అనుకుంటూ ఇక్కడికొచ్చాను. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నదానికి పరీక్షలు నడుస్తున్నాయి, ఇంటికి సున్నాలు అయ్యాయి. ఇంటి కబుర్లు ఇక చాలురా. నీ ఉత్తరం చివర రెండు లైన్లలో పడేసిన ముక్క నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు: అక్టోబరులో పారిస్‌లో పని, ఒక రోజు ఖాళీ, రైల్లో షార్త్ర ఊరెళ్లి అక్కడి కెథీడ్రల్‌లో (పెద్ద చర్చిలో) రంగుగాజు కిటికీలు తీస్తాను, ఫ్లాషూ ట్రైపాడూ పట్టుకెళ్లనా అని!

ఫ్లాష్ ఇంట్లోనే వదిలెయ్. ఆ గాజుకి రంగు వెనక నుంచి వచ్చే ఆకాశం వెలుగుతో వస్తుంది. నువ్వు ముందు నుంచి వెలుగు కొడితే గాజుల మధ్య ఉండే సీసం పట్టీలూ, దుమ్మూ బూడిదరంగులో తేలతాయి తప్ప రంగులో రవ్వంత పెరుగుదల ఉండదు. ట్రైపాడ్ సంగతి తర్వాత చెప్తాను. ముందు అసలు విషయం. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

దిక్కులు, శీనూ, దిక్కులు!

చర్చిల్లో పూజపీఠం ఉన్న వైపుని తూర్పు అనేస్తారు. ముఖద్వారం పడమర, ఎడమ గోడ ఉత్తరం, కుడి గోడ దక్షిణం. నీ చేతికొచ్చే ప్రతి మ్యాపులోనూ ఇవే పేర్లు ఉంటాయి. కానీ షార్త్ర గుడి నిజం తూర్పుకి తిరిగి లేదు, దాదాపు ఈశాన్యానికి తిరిగి ఉంది. (మీ పెద్ద మావయ్యకి మాత్రం ఇది చెప్పకు, మళ్లీ మెట్లు కొట్టించమంటాడు.) అంటే వాళ్ల ‘పడమటి’ ముఖద్వారం నైరుతిని చూస్తుంది. ‘దక్షిణపు’ గోడ ఆగ్నేయాన్ని, ‘ఉత్తరపు’ గోడ వాయవ్యాన్ని చూస్తాయి. మ్యాపు చూసి ‘దక్షిణం కదా, మధ్యాహ్నం ఎండ ఉంటుంది’ అని లెక్క వేసుకుంటే రోజంతా తలకిందులవుతుంది.

పైగా వాళ్ల గడియారం ఒకటి. అక్టోబరు మధ్యలో అక్కడ సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చేసరికి గడియారంలో మధ్యాహ్నం ఒకటీ నలభై అవుతుంది. ‘దక్షిణపు’ గోడకి సూర్యుడు ఎదురుగా నిలిచేది పొద్దున పదకొండు ప్రాంతంలో. ముఖద్వారానికి ఎండ నేరుగా తగిలేది సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య. ‘ఉత్తరపు’ గోడకి సాయంత్రం బాగా పొద్దువాలాక ఏటవాలుగా కాస్త తగులుతుంది, అంతే.

సరే, ఎండ ఉన్నవైపే తియ్యాలి కదా అంటావు. అక్కడే మెలిక ఉంది. ఎండ నేరుగా పడే గాజుని తియ్యకు. కంటికి బ్రహ్మాండంగా ఉంటుంది, కెమెరాకి మాత్రం చేటు. కారణాలు రాస్తాను. ఆ గుడికి బయట గోడల్ని ఆనుకుని రాతి కమాను ఊతలు ఉంటాయి. ఎండ పడితే వాటి నీడలు కిటికీ మీద అడ్డంగా నల్ల చారలుగా పడతాయి. గాజు వెనక ఇనప కడ్డీలుంటాయి, వాటి నీడలూ కలుస్తాయి. సూర్యుడు కనిపించే చోట తెల్లగాజు ఫొటోలో పూర్తిగా కాలిపోయి (వివరమే మిగలకుండా తెల్లబడి), పక్క ముక్కల మీదికి వెలుగు కారుతుంది. ఒకే కిటికీలో సగం ఎండ, సగం నీడ పడితే ఏ ఎక్స్‌పోజరూ (కెమెరాలోకి ఎంత వెలుగు వదలాలన్న లెక్క) రెండింటికీ సరిపోదు.

అందుకని ఎప్పుడూ ఎండ పడని అవతలి గోడనే తియ్యి. అటువైపు ఉండేది ఆకాశం వెలుగు ఒక్కటే, కిటికీ మొత్తం సమంగా పరుచుకుంటుంది. పొద్దున ‘ఉత్తరపు’ కిటికీలు. సాయంత్రం అయిదు దాటాక ‘దక్షిణపు’ కిటికీలు. ముఖద్వారం మీది మూడు పాత కిటికీలు మాత్రం పొద్దున్నే, లోపలికి అడుగుపెట్టగానే, ఎండ అటు తిరగకముందే. ఇక పల్చటి తెల్లమబ్బు పట్టిన రోజు దొరికిందా, ఈ లెక్కలన్నీ మర్చిపో, ఏ వైపైనా ఎప్పుడైనా తియ్యి. మబ్బు చూసి దిగులుపడి పారిస్‌లోనే ఉండిపోకు! దట్టంగా ముసురు పడితే మాత్రం వెలుగు రెండు మెట్లు (మెట్టుకి సగం చొప్పున) పడిపోతుంది.

ఆ మూడు కిటికీలు అన్నాను కదా, వాటి సంగతి చెప్పాలి. 1194లో మంటలు లేచి పాత కెథీడ్రల్ చాలాభాగం కాలిపోయింది. ఇప్పుడు మనం చూసే గుడి ఆ తర్వాత కట్టింది, కిటికీల్లో ఎక్కువ భాగం 13వ శతాబ్దం మొదటి సగంలోవి. కానీ ముఖద్వారం మీది ఆ మూడూ మంటలకి ముందువి, 1150 ప్రాంతంలోవి. లోపల నుంచి ముఖద్వారం వైపు తిరిగి చూస్తే కుడిపక్కది యెష్షయి వంశవృక్షం (యేసు పూర్వీకుల చెట్టు), మధ్యలోది క్రీస్తు జననం, బాల్యం, ఎడమపక్కది సిలువ పాట్లు, పునరుత్థానం. వాటి నీలం వేరేరా. లేత నీలం, తేటగా ఉంటుంది. ఆ కాలపు నీలిగాజులో సోడా శాతం ఎక్కువ, అది వానకీ గాలికీ తట్టుకుంటుంది. తర్వాత వచ్చిన గాజు కట్టెల బూడిద, ఇసుక కలిపి కరిగించింది. దాంట్లో పొటాష్ ఎక్కువ. తేమ తగిలితే పైన గుంటలు పడతాయి, మసక పొర కడుతుంది. అందుకే 13వ శతాబ్దపు కిటికీలు ముదురుగా ఉంటాయి. ఒక కిటికీకి పెట్టిన సెట్టింగు ఇంకోదానికి అలాగే వాడితే ఒకటి వెలిసిపోతుంది, ఇంకోటి నల్లబడుతుంది. కిటికీ మారిన ప్రతిసారీ మళ్లీ కొలుచుకో.

రెండు నీలాలూ ఒకే ఫ్రేములో కావాలా? దక్షిణపు వైపు, పూజపీఠం చుట్టూ తిరిగే దారి మొదట్లో ‘అందాల గాజు మాత’ అని పిలుచుకునే మరియమ్మ కిటికీ ఉంది. మధ్యలో ఎర్రటి నేపథ్యం మీద కూర్చున్న మరియమ్మ 1180 ప్రాంతంలోది, మంటల్లోంచి బయటపడింది. చుట్టూ ఉన్న దేవదూతల పలకలు 13వ శతాబ్దంలో చేర్చినవి. అమ్మ చీర నీలం (చీరే అంటాను, నా ఇష్టం) చూడు, పక్కన దేవదూతల వెనక నీలం చూడు! దీన్ని సాయంత్రం అయిదు తర్వాత తియ్యి. అక్కడ వెనక్కి జరగడానికి చోటు తక్కువ, 50 నుంచి 85 మి.మీ. చాలు. ఎక్స్‌పోజరు ఆమె ముఖం మీద చూసుకో, ఎందుకంటే ఆ పలకల్లో మొదట కాలిపోయేది అదే.

ఎక్స్‌పోజరు అంటే గుర్తొచ్చింది. ఆటోలో పెడితే కెమెరా చుట్టూ ఉన్న చీకటి గోడని చూసి ‘అబ్బో చీకటి’ అనుకుని తెరిచేస్తుంది, గాజు సున్నంలా తెల్లబడుతుంది. ఫ్రేములో సగం గోడ ఉంటే రెండు మెట్లు తగ్గించాల్సి వస్తుంది. కిటికీ ఫ్రేము నిండా ఉంటే కెమెరా చెప్పినదానికి అటూఇటుగా మూడో వంతు మెట్టు చాలు. నా మాట విని మాన్యువల్‌లో పెట్టు. స్పాట్ మీటరుతో ఓ మధ్యస్థం నీలిముక్కని కొలువు, ఒక ఫొటో తియ్యి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు) చూడు. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూడాలి సుమా. తెల్ల హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల ఎరుపు ఒక్కటీ గ్రాఫు కుడి అంచుకి గుద్దుకుని ఉంటుంది. అప్పుడు ఎర్రగాజులో ఉన్న గీతలూ చారలూ అన్నీ పోయి ఒకే ఎరుపు ముద్ద మిగులుతుంది. ఆ చారలు పోగొట్టుకోకూడదు. రాగితో చేసిన ఎర్రగాజు మందంగా ఉంటే నల్లగా కనిపిస్తుంది కాబట్టి తెల్లగాజు మీద పల్చటి ఎర్ర పొర ఎక్కించేవాళ్లు. ఆ పొర ఎగుడుదిగుళ్లే ఆ చారలు.

మొదలుపెట్టడానికి అంకెలు కావాలంటే: తెల్లమబ్బు రోజున ఐఎస్‌ఓ 800, ఎఫ్ 5.6, సెకనులో 125వ వంతు. ముసురైతే 30వ వంతు దాకా పోతుంది, అప్పుడు ఐఎస్‌ఓని 3200కి పెంచు, చెయ్యి వణికిన ఫొటో కన్నా గరుకు ఫొటో మేలు. వైట్ బ్యాలెన్స్ ఆటో వద్దే వద్దు! కిటికీ నిండా నీలం చూసి కెమెరా దాన్ని సరిదిద్దబోతుంది, షార్త్ర నీలం కాస్తా బూడిదైపోతుంది. పగటి వెలుగు, 5500 కెల్విన్ దగ్గర కట్టిపడెయ్. ‘రా’ (కెమెరా సరిదిద్దని) ఫైల్లోనే తియ్యి. పోలరైజర్ ఫిల్టరు తీసెయ్, అది వెలుగు తినడం తప్ప ఇక్కడ చేసేదేం లేదు. లెన్సు ముందు అలవాటుగా ఉంచే రక్షణ ఫిల్టరు కూడా తీసెయ్. చీకట్లో వెలిగే కిటికీకి దానివల్ల దయ్యపు నీడలు పడతాయి. హుడ్ మాత్రం ఉంచు.

నీలం ఇంకో పని చేస్తుంది. నీళ్లలో పడ్డ ఇంకు చుక్కలా పక్కకి పాకుతుంది. 19వ శతాబ్దంలో వయొలె ల్యు డ్యూక్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి దీని గురించే పేజీలు రాశాడు. నీలం పక్కన ఉన్న సన్న గీతలు దూరం నుంచి మాయమవుతాయి, అందుకే పాత పనివాళ్లు నీలం చుట్టూ తెల్లముత్యాల అంచులూ, మందమైన నల్ల గీతలూ వేశారు. నువ్వు ఒక మెట్టు ఎక్కువ తెరిచావంటే ఆ ముత్యాలు ఒకదాన్నొకటి అంటుకుపోతాయి. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు ఒకటే సూత్రం: తక్కువ వైపు. ఒక మెట్టు తక్కువ తీసినది తర్వాత లేపుకోవచ్చు. కాలిపోయినదాన్ని ఎవరూ తెచ్చివ్వలేరు.

ఇక ట్రైపాడ్. లేదనుకునే వెళ్లు. చాలా పెద్ద గుళ్లలో ఒప్పుకోరు, ఒప్పుకున్నా జనం తన్నుకుంటూ నడుస్తారు. దానికి బదులు ఒక చిన్న సాధనం: పావు అంగుళం బోల్టు ఒకటి, కెమెరా అడుగున బిగేది. దానికి రెండు మీటర్ల నైలాన్ తాడు కట్టు, రెండో కొసకి పెద్ద వాషరు. బోల్టు బిగించి, వాషరుని చెప్పుకింద తొక్కిపట్టి, కెమెరాని తాడు బిగుసుకునేదాకా పైకి లాగు. కెమెరా ఊగడం సగానికి సగం తగ్గిపోతుంది. పది రూపాయల పని, జేబులో పడుతుంది. స్తంభానికి వీపు ఆనించు, ఊపిరి సగం వదిలి నొక్కు, ఒకేసారి నాలుగైదు వరుసగా తియ్యి; మధ్యలోవి ఎక్కువ వాడిగా వస్తాయి. కుర్చీ వీపు మీద మోచేతులు ఆనిస్తే ఇంకా మంచిది. నీ ఖాళీ రోజు ఏ వారమో రాయలేదు. ఈస్టరుకి ముందు ఉపవాస కాలం నుంచి నవంబరు మొదట్లో సర్వ పునీతుల పండగ దాకా శుక్రవారాలు కుర్చీలు జరిపేసి, నేలమీది రాతి చిక్కుదారి తెరుస్తారు. ఆనుకోవడానికి కుర్చీ ఉండదు కానీ నడిమధ్యలో నిలబడడానికి చోటు దొరుకుతుంది. చిక్కుదారిలో మౌనంగా నడిచేవాళ్లకి అడ్డం రాకు. పూజ జరుగుతుంటే కెమెరా సంచిలోకి, ఆ మాట నీకు చెప్పక్కర్లేదు.

లెన్సులు. నీ దగ్గరున్న 70-200 చాలు, 300 దొరికితే పై వరస కిటికీలకి పనికొస్తుంది. ఎంత పడుతుందో ముందే లెక్కేసుకో: దూరాన్ని 36తో గుణించి మిల్లీమీటర్లతో భాగించు. ఫుల్ ఫ్రేములో (సెన్సరు వెడల్పు 36 మి.మీ.) 30 మీటర్ల నుంచి 200 మి.మీ. అయితే 5.4 మీటర్ల మేర, 300 అయితే 3.6 మీటర్లు. నీది చిన్న సెన్సరు కెమెరా కాబట్టి 36 బదులు 24 వెయ్యి. (జామచెట్టు మాస్టారు ఉంటే ఈ లెక్కకి నీ వీపు తట్టేవారు.)

కిటికీ కిందకి పోయి తల ఎత్తి తియ్యకు, ఇది అందరూ చేసేదే. కిటికీ నడిభాగం నీ కంటికన్నా 12 మీటర్ల ఎత్తున ఉందనుకో. 15 మీటర్ల దూరం నుంచి తీస్తే కెమెరా దాదాపు 39 డిగ్రీలు ఎత్తాలి, నిలువు కొలత అయిదో వంతుకి పైనే కుంచించుకుపోతుంది. 40 మీటర్లు వెనక్కి వెళ్తే 17 డిగ్రీలు, కుంచింపు నాలుగు శాతం. అందుకే ఎదురు వైపు చివరదాకా వెళ్లు, పొడుగు లెన్సు వాడు. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్లో నిలువు గీతలు సరిచేసేటప్పుడు ఒక కిటుకు: చాలా కిటికీల్లో బొమ్మలు గుండ్రటి పతకాల్లో ఉంటాయి. గీతలు నిటారు చేశాక ఆ వృత్తం కోడిగుడ్డులా ఉంటే నిలువు సాగదియ్యి, గుండ్రంగా అయ్యేవరకు. వృత్తం సరైతే మనుషులూ సరవుతారు.

ఇప్పుడు నువ్వు తప్పక తియ్యాల్సింది. రోజ్ కిటికీలు (పువ్వులా విచ్చుకున్న పెద్ద గుండ్రటివి) ఎవరైనా తీస్తారు, నువ్వు కూడా తీస్తావు, ఉత్తరపు దాంట్లో రాణి బ్లాంష్ పుట్టింటి కాస్తీల్ కోటల గుర్తులూ, అత్తింటి ఫ్రాన్స్ లిల్లీపూలూ చూడు. దక్షిణపు రోజ్ కింద సువార్తలు రాసిన నలుగురూ ప్రవక్తల భుజాల మీద కూర్చున్నారు, అది మాత్రం 300తో తియ్యి. కానీ నాకు కావలసినవి కింద ఉన్నాయి. పక్క గోడల కిటికీలు కింద నుంచి పైకి చదవాలి, ఆ కింద మూలల్లో పనివాళ్లుంటారు. నోవా కిటికీలో వడ్రంగులు, చక్రాలు చేసేవాళ్లు, పీపాలు చేసేవాళ్లు. మంచి సమరయుడి కిటికీలో చెప్పులు కుట్టేవాళ్లు. లుబిన్ పునీతుడి కిటికీలో ద్రాక్షసారా అమ్మేవాళ్లు. షార్లమాన్ చక్రవర్తి కిటికీలో బొచ్చుతోళ్ల వర్తకుడు కొనేవాడికి కోటు చూపిస్తుంటాడు. శీనూ, ఆ వడ్రంగి పలక దగ్గర నిలబడినప్పుడు మీ తాతగారి కొట్టు గుర్తు చేసుకో. ఎనిమిది వందల ఏళ్లరా. 1918లో, మళ్లీ 1939లో యుద్ధాల భయంతో ఆ గాజంతా ఊడదీసి పెట్టెల్లో పెట్టి దాచారు, తర్వాత తెచ్చి బిగించారు. అలా మోసినవాళ్లు, సీసం బిగించినవాళ్లు కూడా పనివాళ్లే కదా, వాళ్ల బొమ్మలు ఏ కిటికీలోనూ... సరే పోనీ.

ఈ పనివాళ్ల పలకలు ఎత్తు తక్కువ, 100 మి.మీ. తో అందుతాయి. పలక ఒక్కటే ఫ్రేము నింపు. చుట్టూ రాయి రానీయకు. 2009 నుంచి లోపలి గోడల మురికి తీసి లేత మీగడ రంగు వెనక్కి తెచ్చారు, దాని మీద పెద్ద పోట్లాటే జరిగింది. గుడి కట్టినవాళ్లకి ఆ లేత రంగే తెలుసంటారు ఒకరు, చీకటి పోయి గాజు చప్పబడిందంటారు ఇంకొకరు. ఫొటో మట్టుకు నేను చీకటి వైపే. తెల్లగోడ పక్కనుంటే కన్ను గోడకి అలవాటుపడుతుంది, గాజు వెనకబడుతుంది. గోడ కనపడకుండా తీస్తే ఆ గొడవే లేదు.

పెద్ద కిటికీ మొత్తం నిండుగా కావాలంటే ముక్కలుగా తీసి తర్వాత కంప్యూటర్లో కుట్టెయ్: ఒకే చోట నిలబడి, ఎక్స్‌పోజరు కదపకుండా, ఒక్కో ముక్క పక్కదానితో మూడో వంతు కలిసేలా, కింద నుంచి పైకి. కిటికీ చదునైనది కాబట్టి కుట్టు బాగా అతుక్కుంటుంది. ఒక్కో కిటికీ మొదలుపెట్టేముందు నోటుబుక్కులో దాని సంఖ్య రాసి ఆ కాగితాన్నే ఒక ఫొటో తియ్యి. సంఖ్యల పద్ధతి తేలిక: పూజపీఠం వెనక నడిమి కిటికీ 0, అక్కడ నుంచి ఉత్తరం వైపు బేసి, దక్షిణం వైపు సరి. పై వరసకి 100 నుంచి మొదలు. నోవా 47, సమరయుడు 44, షార్లమాన్ 7, గాజు మాత 30, యెష్షయి 49. ఇది చెయ్యకపోతే ఇంటికొచ్చాక ఏది ఏదో ఆ దేవుడికే తెలియాలి.

కంప్యూటర్లో రంగు పెంచకు. ఆ నీలం, ఆ ఎరుపు మామూలు తెర చూపించగలిగే హద్దుల బయట ఉంటాయి. సాచురేషన్ జరిపితే వివరం పోతుంది. నీడల్ని లేపకు కూడా, సీసం పట్టీలు నల్లగానే ఉండాలి.

వెళ్లేలోపు ఒకసారి మెదక్ చర్చికి పోయిరా. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించిన గుడి. గాజు 20వ శతాబ్దానిది, వెలుగు ఎక్కువ వదులుతుంది కాబట్టి అంకెలు మారతాయి, కానీ తాడు తొక్కడం, మూడు రంగుల హిస్టోగ్రామ్ చూడడం చేతికి అలవాటవుతాయి. లోపల కెమెరాకి అనుమతి అడిగే తియ్యి.

పారిస్‌లోనే సెయింట్ షాపెల్ ఉంది, 15 కిటికీలు, అక్కడ ఇబ్బంది పూర్తిగా వేరు, వెనక్కి జరగడానికి చోటే ఉండదు, వైడ్ లెన్సుతో... అయ్యో, చిన్నదాన్ని ట్యూషన్ నుంచి తేవాలి, టైమైపోయింది. అది మళ్లీ రాస్తాను. మోంపార్నాస్ స్టేషన్ నుంచి పొద్దున మొదటి రైళ్లలోనే ఎక్కు, గంటా పావు ప్రయాణం. తారీఖు రాయి, వెంటనే.

నీ
రాంబాబు